ఎలక్ట్రానిక్ సంతకాల చట్టబద్ధత

ఎలక్ట్రానిక్ సంతకం అనగా కంప్యూటరు, మొబైల్ ఫోన్ వంటి సాధనాల సహాయంతో ఒక ఎలక్ట్రానిక్ పత్రానికి తన సమ్మతిని తెలియజేస్తూ ఒక వ్యక్తి జతపరిచే గుర్తు. భారతదేశంలో ఇటువంటి సంతకాలకు సమాచార సాంకేతిక చట్టం, 2000 ద్వారా చట్టపరమైన గుర్తింపు లభించింది. ఐటీ చట్టం అని వ్యవహరించే ఈ చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. 2008లో చేసిన సవరణ ద్వారా ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదుర్చుకునే ఒప్పందాలకు కూడా ఇందులో స్పష్టమైన గుర్తింపు కల్పించారు.

ఎలక్ట్రానిక్ సంతకం విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది ఒప్పందం చెల్లుతుందా అన్నది. రెండవది ఆ సంతకం ఫలానా వ్యక్తిదేనని కోర్టులో నిరూపించడం ఎలా అన్నది. భారతీయ చట్టం ప్రకారం మొదటి ప్రశ్నకు చాలా సందర్భాలలో "చెల్లుతుంది" అనేదే సమాధానం. వివాదాలలో ఎక్కువ భాగం రెండవ ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన అనేక అపోహలు ఏర్పడుతున్నాయి.

సంతకం అవసరం

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 10 ప్రకారం ఒప్పందం చేసుకునే అర్హత గలవారు, తమ స్వేచ్ఛాయుతమైన సమ్మతితో, చట్టసమ్మతమైన ప్రతిఫలం కొరకు, చట్టసమ్మతమైన ఉద్దేశంతో చేసుకున్న ఒడంబడికలు కాంట్రాక్టులు అవుతాయి. ఒప్పందం కాగితంపైనే ఉండాలని గాని, దానిపై సంతకం తప్పనిసరిగా ఉండాలని గాని ఈ సెక్షన్ చెప్పదు. వేరే చట్టం ఏదైనా లిఖితపూర్వకంగా ఉండాలని, సాక్షులు ఉండాలని లేదా రిజిస్టరు చేయాలని కోరినప్పుడు మాత్రమే ఆ నియమాలు వర్తిస్తాయి. కనుక నోటిమాటతో కుదిరిన ఒప్పందం కూడా చెల్లుతుంది. దానిని నిరూపించడమే కష్టం.

సంతకం ప్రధానంగా మూడు పనులు చేస్తుంది. సంతకం చేసిన వ్యక్తి ఎవరో తెలుపుతుంది, పత్రంలోని విషయానికి అతడు సమ్మతించాడని చూపుతుంది, తరువాత ఆ పత్రంలో మార్పులు జరగకుండా కొంత రక్షణ ఇస్తుంది. వ్రాయడం రానివారి విషయంలో నిశానీ లేదా వేలిముద్ర ఈ పని చేస్తుంది. జనరల్ క్లాజుల చట్టం, 1897 ప్రకారం తన పేరు వ్రాయలేని వ్యక్తి పెట్టిన గుర్తు కూడా సంతకం కిందకే వస్తుంది. అనగా చట్టం దృష్టిలో సంతకం అంటే సిరాతో వ్రాసిన పేరు మాత్రమే కాదు. ఎలక్ట్రానిక్ సంతకానికి గుర్తింపు ఇవ్వడం ఈ భావనకు కొనసాగింపు అని చెప్పవచ్చు.

చరిత్ర

దూరప్రాంతాల మధ్య ఒప్పందాలు కుదుర్చుకోవడం ఇంటర్నెట్‌తో మొదలైనది కాదు. తంతి, టెలిఫోను ద్వారా కుదిరిన ఒప్పందాలపై కూడా కోర్టులు తీర్పులు ఇచ్చాయి. భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా వర్సెస్ గిర్ధారీలాల్ పురుషోత్తందాస్ కేసులో 1965లో సుప్రీంకోర్టు టెలిఫోనుపై కుదిరిన ఒప్పందం విషయాన్ని పరిశీలించింది. అంగీకారం ఎక్కడ వినబడిందో అక్కడే ఒప్పందం ఏర్పడినట్లు ఈ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. పత్తి గింజల చెక్క సరఫరాకు సంబంధించిన ఈ కేసు నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశంగా ఉంది.

ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యంపై ఒక నమూనా చట్టాన్ని రూపొందించింది. సభ్యదేశాలు తమ చట్టాలను రూపొందించుకునేటప్పుడు దీనిని పరిగణనలోకి తీసుకోవాలని 1996 డిసెంబరు 16న సర్వప్రతినిధి సభ తీర్మానించింది. దీనికి అనుగుణంగా భారత పార్లమెంటు ఐటీ చట్టాన్ని ఆమోదించింది. 2000 జూన్ 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఈ చట్టంతో పాటు అప్పటి భారత సాక్ష్య చట్టం, 1872, భారత శిక్షాస్మృతి మొదలైన చట్టాలను కూడా సవరించారు.

మొదట ఈ చట్టం డిజిటల్ సంతకాన్ని మాత్రమే గుర్తించింది. ఒకే సాంకేతిక విధానానికి కట్టుబడి ఉండటం వలన కొత్త పద్ధతులకు అవకాశం లేకపోయింది. ఈ లోపాన్ని సవరించడానికి 2008లో సవరణ చట్టం తెచ్చారు. ఇది 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది. దీని ద్వారా చట్టంలో "ఎలక్ట్రానిక్ సంతకం" అనే విస్తృతమైన పదం చేరింది. డిజిటల్ సంతకం అందులో ఒక రకంగా మిగిలింది.

రకాలు

వాడుకలో ఎలక్ట్రానిక్ సంతకం అనే పదాన్ని అనేక అర్థాలలో ఉపయోగిస్తున్నారు. చట్టపరంగా వీటిని రెండు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం ఐటీ చట్టం ప్రత్యేకంగా గుర్తించిన సంతకాలు. సెక్షన్ 3 ప్రకారం చేసే డిజిటల్ సంతకం, సెక్షన్ 3-ఎ ప్రకారం రెండవ షెడ్యూలులో చేర్చిన పద్ధతుల ద్వారా చేసే సంతకం ఈ వర్గానికి చెందుతాయి. సెక్షన్ 3-ఎ ప్రకారం ఒక సంతక పద్ధతి నమ్మదగినదిగా పరిగణింపబడటానికి ఈ లక్షణాలు ఉండాలి:

* సంతకానికి వాడే సమాచారం ఆ సంతకందారుకు మాత్రమే సంబంధించినదై ఉండాలి.
* సంతకం చేసే సమయంలో ఆ సమాచారం అతని అధీనంలోనే ఉండాలి.
* సంతకం చేసిన తరువాత ఆ సంతకంలో ఏ మార్పు జరిగినా బయటపడాలి.
* సంతకం చేసిన తరువాత పత్రంలోని సమాచారంలో ఏ మార్పు జరిగినా బయటపడాలి.

రెండవ వర్గం మిగిలినవన్నీ. ఈ-మెయిల్ చివర టైపు చేసిన పేరు, స్కాన్ చేసి అతికించిన సంతకం బొమ్మ, తెరపై వేలితో గీసిన సంతకం, వెబ్‌సైటులో "అంగీకరిస్తున్నాను" అనే మీటను నొక్కడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇవి ఐటీ చట్టం నిర్వచించిన ఎలక్ట్రానిక్ సంతకాలు కావు. అయినప్పటికీ ఇటువంటి చర్యల ద్వారా తెలియజేసిన సమ్మతి వలన ఒప్పందం ఏర్పడవచ్చు. అయితే మొదటి వర్గానికి చట్టం కల్పించే ప్రత్యేక రక్షణలు వీటికి లభించవు.

డిజిటల్ సంతకం పనిచేసే విధానం

డిజిటల్ సంతకంలో రెండు తాళంచెవుల వంటి సంఖ్యలు ఉంటాయి. ఒకదానిని ప్రైవేట్ కీ అని, రెండవదానిని పబ్లిక్ కీ అని అంటారు. గణితపరంగా ఈ రెండూ ఒక జత. ప్రైవేట్ కీ సంతకందారు వద్ద రహస్యంగా ఉంటుంది. పబ్లిక్ కీ అందరికీ అందుబాటులో ఉంటుంది. పబ్లిక్ కీ తెలిసినంత మాత్రాన ప్రైవేట్ కీని కనుగొనడం ఆచరణలో సాధ్యం కాదు.

సంతకం చేసేటప్పుడు మొదట పత్రం మొత్తాన్ని హాష్ అనే గణిత ప్రక్రియ ద్వారా ఒక నిర్ణీత పొడవు గల సంఖ్యగా మారుస్తారు. ఇది ఆ పత్రానికి వేలిముద్ర వంటిది. ఉదాహరణకు మిర్చి సరఫరా ఒప్పందంలో క్వింటాలు ధర 12,000 రూపాయలు అని ఉన్నచోట 21,000 అని మారిస్తే హాష్ విలువ పూర్తిగా మారిపోతుంది. ఒక్క చుక్క లేదా ఖాళీ చేర్చినా ఇదే జరుగుతుంది. ఈ హాష్ విలువపై ప్రైవేట్ కీని ప్రయోగించగా వచ్చిన ఫలితమే డిజిటల్ సంతకం.

పత్రాన్ని అందుకున్న వ్యక్తి పబ్లిక్ కీ సహాయంతో ఆ సంతకాన్ని సరిచూస్తాడు. తన వద్ద ఉన్న పత్రం హాష్ విలువ, సంతకం నుండి లభించిన విలువ ఒకటే అయితే రెండు విషయాలు రుజువవుతాయి: సంతకం ఆ ప్రైవేట్ కీతోనే జరిగింది, ఆ తరువాత పత్రం మారలేదు. కాగితంపై సంతకానికి ఈ రెండవ గుణం లేదు. చివరి పేజీలో సంతకం చేసిన కాగితపు ఒప్పందంలో మధ్య పేజీని మార్చడం సాధ్యమే. అందువలననే ప్రతి పేజీపై సంతకం చేయించే ఆచారం ఏర్పడింది.

ధ్రువీకరణ వ్యవస్థ

ఒక పబ్లిక్ కీ ఫలానా వ్యక్తికి చెందినదని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి. ఈ పనిని ధ్రువీకరణ అధికార సంస్థలు చేస్తాయి. ఇవి దరఖాస్తుదారు గుర్తింపును, చిరునామాను పరిశీలించి డిజిటల్ సంతక ధ్రువపత్రాన్ని జారీ చేస్తాయి. ఈ సంస్థలకు లైసెన్సులు ఇచ్చి పర్యవేక్షించే అధికారి కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్. ఐటీ చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఈ అధికారిని నియమిస్తుంది.

2002లో లైసెన్సు పొందిన సేఫ్‌స్క్రిప్ట్ దేశంలో మొదటి ధ్రువీకరణ సంస్థ. హైదరాబాదులో భారతీయ రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ కూడా బ్యాంకింగ్ రంగ అవసరాల కొరకు ధ్రువీకరణ సంస్థగా లైసెన్సు పొందింది.

సాధారణంగా ప్రైవేట్ కీని పెన్‌డ్రైవ్ వంటి ఒక చిన్న యుఎస్‌బి టోకెన్‌లో భద్రపరుస్తారు. దానికి ఒక రహస్య సంఖ్య ఉంటుంది. కంపెనీల వార్షిక పత్రాల దాఖలు, ప్రభుత్వ ఈ-టెండర్లు, ఆదాయపు పన్ను రిటర్నుల వంటి పనులలో ఇవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఆధార్ ఆధారిత ఈ-సైన్

టోకెన్ కొనుగోలు, దాని నిర్వహణ సామాన్యులకు కష్టం కావడంతో 2015లో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాల ద్వారా ఆధార్ ఆధారిత సంతకాన్ని రెండవ షెడ్యూలులో చేర్చింది. దీనిని ఈ-సైన్ అని పిలుస్తారు. ఈ పద్ధతిలో సంతకందారు తన ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్‌కు వచ్చే ఓటీపీ ద్వారా గాని, వేలిముద్ర లేదా కంటిపాప ద్వారా గాని తన గుర్తింపును నిర్ధారించుకుంటాడు. వెంటనే అతని పేరిట ఒక కీల జత సృష్టింపబడి, స్వల్పకాలం మాత్రమే చెల్లే ధ్రువపత్రం జారీ అవుతుంది. సంతకం పూర్తయిన తరువాత ఆ ప్రైవేట్ కీని నాశనం చేస్తారు. కనుక దానిని మరొక పత్రంపై వాడటం వీలుకాదు.

ఈ పద్ధతిలో బలహీనమైన స్థానం గణితం కాదు, ఓటీపీ. ఓటీపీని ఇతరులకు చెప్పినవారు, లేదా తమ ఫోనును ఇతరులకు అప్పగించినవారు తెలియకుండానే సంతకానికి అవకాశం ఇచ్చినవారవుతారు.

ఒప్పందాల చెల్లుబాటు

ఎలక్ట్రానిక్ ఒప్పందాలకు సంబంధించి ఐటీ చట్టంలోని మూడు సెక్షన్లు ముఖ్యమైనవి. సెక్షన్ 4 ప్రకారం ఏదైనా విషయం లిఖితపూర్వకంగా ఉండాలని చట్టం కోరినప్పుడు, తరువాత చూసుకోవడానికి వీలుగా ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే సరిపోతుంది. సెక్షన్ 5 ప్రకారం సంతకం ఉండాలని చట్టం కోరినప్పుడు నిర్దేశించిన పద్ధతిలో చేసిన ఎలక్ట్రానిక్ సంతకం సరిపోతుంది. సెక్షన్ 10-ఎ ప్రకారం ప్రతిపాదన, అంగీకారం, వాటి ఉపసంహరణ ఎలక్ట్రానిక్ రూపంలో జరిగాయన్న ఒక్క కారణం చేత ఒప్పందాన్ని అమలు చేయదగనిదిగా భావించరాదు.

సెక్షన్ 10-ఎలోని "ఒక్క కారణం చేత" అనే మాట గమనింపదగినది. ఎలక్ట్రానిక్ రూపం ఒప్పందానికి అడ్డంకి కాదని మాత్రమే ఈ సెక్షన్ చెబుతుంది. ఇతర లోపాలను ఇది సరిచేయదు. మైనరు చేసిన ఒప్పందం ఎలక్ట్రానిక్ సంతకం ఉన్నంత మాత్రాన చెల్లదు. మోసం, బలవంతం, అనుచిత ప్రభావం వలన పొందిన సమ్మతి కాగితంపై ఉన్నా తెరపై ఉన్నా ఒకటే. నష్టపోయిన పక్షం కోరితే అటువంటి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.

ట్రైమెక్స్ ఇంటర్నేషనల్ వర్సెస్ వేదాంత అల్యూమినియం కేసులో 2010 జనవరి 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ప్రసిద్ధమైనది. బాక్సైట్ సరఫరా కొరకు 2007 అక్టోబరులో ఇరుపక్షాల మధ్య ఈ-మెయిళ్ల ద్వారా ప్రతిపాదన, అంగీకారం జరిగాయి. లాంఛనప్రాయమైన ఒప్పంద పత్రంపై సంతకాలు కాలేదు గనుక ఒప్పందమే ఏర్పడలేదని కొనుగోలుదారు వాదించాడు. ముఖ్యమైన షరతులన్నింటిపై ఈ-మెయిళ్ల ద్వారా అంగీకారం కుదిరినందున ఒప్పందం ఏర్పడిందని, తరువాత లాంఛనంగా పత్రం తయారు కాకపోవడం దానిని దెబ్బతీయదని కోర్టు నిర్ణయించింది.

అంబాలాల్ సారాభాయ్ ఎంటర్‌ప్రైజ్ వర్సెస్ కె.ఎస్. ఇన్‌ఫ్రాస్పేస్ కేసులో 2020 జనవరి 6న ఇచ్చిన తీర్పు దీనికి మరొక పార్శ్వం. ఒక స్థిరాస్తి అమ్మకానికి సంబంధించిన ఈ వివాదంలో ఈ-మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు రెండింటినీ కలిపి చదివి ఒప్పందం కుదిరిందో లేదో తేల్చాలని, వాట్సాప్ సందేశాల అర్థాన్ని విచారణలో సాక్ష్యం ద్వారా నిరూపించాలని సుప్రీంకోర్టు పేర్కొన్నది. అనగా సందేశాల రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం లేదని చెప్పలేము, సందేశాలు ఉన్నంత మాత్రాన ఒప్పందం కుదిరిందనీ చెప్పలేము.

చట్టం వర్తించని పత్రాలు

ఐటీ చట్టం మొదటి షెడ్యూలులో పేర్కొన్న పత్రాలకు ఈ చట్టం వర్తించదు. మొదట ఈ జాబితాలో ఐదు రకాల పత్రాలు ఉండేవి: చెక్కు మినహా ఇతర నెగోషియబుల్ పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు పత్రం, వీలునామా, స్థిరాస్తి అమ్మకం లేదా బదిలీ ఒప్పందం. 2022లో కేంద్ర ప్రభుత్వం ఈ షెడ్యూలును సవరించింది. దీని ప్రకారం ప్రస్తుత పరిస్థితి ఈ విధంగా ఉన్నది:

* ప్రామిసరీ నోటు: రిజర్వు బ్యాంకు, సెబీ వంటి నియంత్రణ సంస్థల అధీనంలో ఉన్న బ్యాంకులు, ఆర్థిక సంస్థల పేరిట వ్రాసే డిమాండు ప్రామిసరీ నోట్లను ఎలక్ట్రానిక్ రూపంలో వ్రాయవచ్చు. గ్రామాలలో వ్యక్తుల మధ్య వ్రాసుకునే ప్రోనోట్లకు ఈ మినహాయింపు లేదు.
* పవర్ ఆఫ్ అటార్నీ: పైన తెలిపిన సంస్థలకు అధికారం ఇచ్చే పత్రాలకు మాత్రమే మినహాయింపు లభించింది. బంధువుకు గాని, మిత్రునికి గాని ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కాగితంపైనే ఉండాలి.
* ట్రస్టు పత్రం, వీలునామా: వీటి విషయంలో మార్పు లేదు. భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 63 ప్రకారం వీలునామాపై వ్రాసిన వ్యక్తి సంతకంతో పాటు కనీసం ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ ఉండాలి.
* స్థిరాస్తి ఒప్పందం: ఈ అంశాన్ని జాబితా నుండి తొలగించారు.

చివరి మార్పును అపార్థం చేసుకునే అవకాశం ఉంది. ఇల్లు, పొలం, స్థలం ఎలక్ట్రానిక్ సంతకంతో అమ్మివేయవచ్చని దీని అర్థం కాదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 54 ప్రకారం 100 రూపాయలు లేదా అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ఇప్పటికీ వర్తిస్తుంది. కనుక అమ్మకపు దస్తావేజును సబ్ రిజిస్ట్రారు వద్ద రిజిస్టరు చేయించనిదే హక్కు బదిలీ కాదు.

విదేశాలలో నివసించే తెలుగువారికి పవర్ ఆఫ్ అటార్నీ నియమం తరచుగా ఎదురవుతుంది. అమెరికాలో ఉన్న వ్యక్తి స్వగ్రామంలోని స్థలం అమ్మకానికి తన తమ్మునికి అధికారం ఇవ్వదలిస్తే, పీడీఎఫ్ పత్రంపై ఎలక్ట్రానిక్ సంతకం చేసి ఈ-మెయిల్‌లో పంపడం సరిపోదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ 33 ప్రకారం విదేశంలో ఉన్నవారు నోటరీ, కోర్టు, న్యాయమూర్తి, మేజిస్ట్రేటు లేదా భారత కాన్సులర్ అధికారి ఎదుట ఆ పత్రాన్ని వ్రాసి ఇచ్చి, వారిచే ధ్రువీకరింపజేయాలి. అసలు కాగితం భారతదేశానికి చేరిన తరువాత మూడు నెలలలోగా దానికి స్టాంపు సుంకం చెల్లించాలి.

స్టాంపు సుంకం

ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నందువలన స్టాంపు సుంకం తప్పిపోతుందని భావించరాదు. భారత స్టాంపు చట్టం, 1899లోని సెక్షన్ 35 ప్రకారం తగిన స్టాంపు లేని పత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించరాదు. చాలా సందర్భాలలో లోటు సుంకాన్ని, జరిమానాను చెల్లించి ఈ లోపాన్ని సరిచేసుకోవచ్చు. మహారాష్ట్ర స్టాంపు చట్టం వంటి కొన్ని రాష్ట్ర చట్టాలు ఎలక్ట్రానిక్ రికార్డులను స్పష్టంగా పత్రం అనే నిర్వచనంలో చేర్చాయి.

స్టాంపు లేని పత్రం చెల్లదా, లేక సాక్ష్యంగా పనికిరాదా అనే ప్రశ్నపై 2023 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మధ్యవర్తిత్వ ఒప్పందాలకు సంబంధించిన ఈ తీర్పులో స్టాంపు లేకపోవడం సాక్ష్యంగా స్వీకరించడానికి అడ్డంకి మాత్రమేనని, ఆ కారణంగా ఒప్పందం శూన్యం కాదని, ఈ లోపం సరిచేసుకోదగినదని ధర్మాసనం పేర్కొన్నది. చెల్లుబాటు, నిరూపణ వేర్వేరు అన్న సూత్రం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

కోర్టులో నిరూపణ

1872 నాటి భారత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం, 2023 వచ్చింది. ఇది 2024 జూలై 1 నుండి అమలులో ఉంది. అంతకు ముందే విచారణలో ఉన్న కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది. రెండు చట్టాలలోను ఎలక్ట్రానిక్ సంతకాలకు సంబంధించిన నియమాలు చాలావరకు ఒకే విధంగా ఉన్నాయి.

సాధారణ నియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకం ఫలానా వ్యక్తిదేనని చెప్పేవారే దానిని నిరూపించాలి. దీనికి సురక్షిత ఎలక్ట్రానిక్ సంతకం ఒక మినహాయింపు. ఐటీ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం సంతకానికి వాడే సమాచారం పూర్తిగా సంతకందారు అధీనంలో ఉండి, నిర్దేశించిన పద్ధతిలో భద్రపరచి ఉపయోగించినట్లయితే దానిని సురక్షిత సంతకం అంటారు. ఇటువంటి సంతకం ఉన్నప్పుడు, దానిని ఆ వ్యక్తి పత్రాన్ని ఆమోదించే ఉద్దేశంతోనే చేశాడని కోర్టు భావించాలి. కాదని చెప్పదలచినవారు అందుకు ఆధారాలు చూపాలి. అనగా నిరూపణ భారం ఒక పక్షం నుండి మరొక పక్షానికి మారుతుంది. రెండవ వర్గానికి చెందిన స్కాన్ సంతకాలు, టైపు చేసిన పేర్ల వంటివాటికి ఈ ప్రయోజనం లేదు. అటువంటి సందర్భాలలో ఈ-మెయిల్ చిరునామా, కంప్యూటరు లాగ్‌లు, చెల్లింపుల వివరాలు, ఆ తరువాత పక్షాలు ప్రవర్తించిన తీరు వంటి ఇతర ఆధారాలపై ఆధారపడవలసి ఉంటుంది.

ఎలక్ట్రానిక్ పత్రం ప్రతిని కోర్టుకు సమర్పించేటప్పుడు దానితో పాటు ఒక ధ్రువపత్రం జతపరచాలి. పాత చట్టంలో ఇది సెక్షన్ 65-బి, కొత్త చట్టంలో సెక్షన్ 63. ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో 2014లోను, అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో 2020లోను సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మూల పత్రం నిక్షిప్తమైన పరికరాన్నే కోర్టుకు తెచ్చి చూపినప్పుడు దీని అవసరం లేదు. కొత్త చట్టంలోని నమూనా ప్రకారం ధ్రువపత్రంలో ఆ రికార్డు హాష్ విలువను కూడా తెలియజేయాలి. ధ్రువపత్రంలో ఒక భాగాన్ని రికార్డును సమర్పించే పక్షం, మరొక భాగాన్ని నిపుణుడు పూరించాలి.

పై కారణాల వలన ఎలక్ట్రానిక్ ఒప్పందాన్ని ముద్రించి ఆ కాగితాన్ని మాత్రమే దాచుకోవడం సరైన పద్ధతి కాదు. డిజిటల్ సంతకం ఫైలులో ఉంటుంది. ముద్రించిన కాగితంపై కనిపించే గుర్తు దాని బొమ్మ మాత్రమే. సంతకాన్ని సరిచూడాలంటే మూల ఫైలును మార్పు లేకుండా భద్రపరచవలసి ఉంటుంది.

సంతకందారు బాధ్యతలు

ఐటీ చట్టంలోని సెక్షన్ 42 ప్రకారం ధ్రువపత్రం పొందిన వ్యక్తి తన ప్రైవేట్ కీని తగిన జాగ్రత్తతో తన అధీనంలో ఉంచుకోవాలి. అది ఇతరుల చేతికి చిక్కినట్లయితే ఆలస్యం చేయకుండా ధ్రువీకరణ సంస్థకు తెలియజేయాలి. తెలియజేసే వరకు జరిగే పరిణామాలకు అతడే బాధ్యుడు అవుతాడు. కంపెనీ డైరెక్టర్లు, కాంట్రాక్టర్లు తమ టోకెన్‌ను రహస్య సంఖ్యతో సహా గుమాస్తాలకు, ఆడిటరు కార్యాలయానికి అప్పగించడం ఈ దృష్ట్యా ప్రమాదకరమైనది. ఇది ఖాళీ కాగితంపై సంతకం చేసి ఇవ్వడంతో సమానం.

ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని లేదా పాస్‌వర్డును మోసపూరితంగా వాడటం సెక్షన్ 66-సి ప్రకారం నేరం. దీనికి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

సమ్మతి సమస్య

ఎలక్ట్రానిక్ సంతకం ఎవరు చేశారో, పత్రం మారిందో లేదో సాంకేతిక విధానం చెప్పగలదు. సంతకం చేసిన వ్యక్తి ఆ పత్రాన్ని చదివాడా, అర్థం చేసుకున్నాడా అన్నది అది చెప్పలేదు. తెలుగునాట నిశానీదారులు వ్రాసి ఇచ్చే దస్తావేజులలో పత్రాన్ని చదివి వినిపించగా విని ఒప్పుకొని వేలిముద్ర వేసినట్లు వ్రాయడం ఆచారం. దస్తావేజు లేఖరి, సాక్షులు ఇందుకు తోడుగా ఉంటారు. మొబైల్ తెరపై ఓటీపీతో జరిగే సంతకంలో ఈ ఏర్పాటు ఉండదు. పత్రం సంతకందారుకు రాని భాషలో ఉన్నప్పుడు ఈ లోటు మరింత ఎక్కువవుతుంది.

మొబైల్ అప్పుల విషయంలో ఈ సమస్య ప్రముఖంగా ముందుకు వచ్చింది. భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు జారీ చేసింది. అప్పు మొత్తం ఖర్చును తెలిపే ముఖ్య వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు ముందుగా ఇవ్వాలని, డిజిటల్ సంతకం చేసిన రుణ పత్రాల ప్రతులను అతని ఈ-మెయిల్‌కు లేదా ఫోనుకు పంపాలని, నిర్ణీత వ్యవధిలోగా జరిమానా లేకుండా అప్పు నుండి వైదొలగే అవకాశం కల్పించాలని వీటిలో ఆదేశించింది. 2025లో వీటి స్థానంలో డిజిటల్ రుణాలపై కొత్త ఆదేశాలు వచ్చాయి.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2000 జూన్ 30న ఈ-సైన్ చట్టం ఆమోదం పొందింది. ఈ చట్టం ఏ ప్రత్యేక సాంకేతిక విధానాన్నీ నిర్దేశించదు. సంతకం చేసే ఉద్దేశంతో జతపరచిన శబ్దం, గుర్తు లేదా ప్రక్రియ ఏదైనా ఎలక్ట్రానిక్ సంతకం కావచ్చు. అక్కడ కూడా వీలునామాలకు ఈ చట్టం వర్తించదు.

ఐరోపా సమాఖ్యలో 1999 నాటి ఆదేశం స్థానంలో ఈ-ఐడాస్ నిబంధన వచ్చింది. సంతకాలకు సంబంధించిన దీని నియమాలు 2016 జూలై 1 నుండి వర్తిస్తున్నాయి. దీనిలో సాధారణ, ఉన్నత, అర్హత పొందిన అనే మూడు స్థాయిలు ఉన్నాయి. అర్హత పొందిన సంతకం చేతివ్రాత సంతకంతో సమానమైన ఫలితాన్ని ఇస్తుంది. మిగిలిన రెండింటిని కూడా ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నాయన్న ఒక్క కారణంతో కోర్టులు తిరస్కరించరాదు.

భారతీయ విధానం ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉన్నదని చెప్పవచ్చు. ఒప్పందం ఏర్పడే విషయంలో అది అమెరికా పద్ధతి వలె ఉదారంగా ఉంటుంది. సంతకానికి ప్రత్యేకమైన చట్టబలం ఇచ్చే విషయంలో మాత్రం ఐరోపా పద్ధతి వలె నిర్ణీత సాంకేతిక విధానాన్ని, లైసెన్సు గల ధ్రువీకరణ సంస్థలను కోరుతుంది. అందువలన చిన్న కొనుగోలు ఒప్పందానికి ఈ-మెయిల్ సమ్మతి సరిపోవచ్చు గాని, వివాదం వస్తే నష్టం ఎక్కువగా ఉండే ఒప్పందాలకు డిజిటల్ సంతకం లేదా ఈ-సైన్ తగినవి. స్థిరాస్తి అమ్మకం, వీలునామా, వ్యక్తుల మధ్య పవర్ ఆఫ్ అటార్నీ వంటివాటికి కాగితం, సాక్షులు, రిజిస్ట్రేషన్‌లలో చట్టం కోరినవి నేటికీ అవసరమే.